23 గంటల రోజు: ఒక కేటీ ప్రాజెక్టు కేస్ స్టడీ

ఐటీ సర్వీసుల్లో నాది ట్రాన్సిషన్ పని. ఒక కంపెనీ ఉద్యోగులు చేస్తున్న పనిని వాళ్ల దగ్గరే నేర్చుకుని మా టీమ్ చేతికి అప్పగించాలి. దీన్ని నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటాం, పొట్టిగా కేటీ. పదిహేడేళ్లుగా ఇదే చేస్తున్నాను. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో గొడవ రేగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "మా ఉద్యోగాలు తీసుకునేవాళ్లకి మా చేతే ట్రైనింగ్ ఇప్పించారు" అని. ఆ ట్రైనింగ్ గదిలో అవతలి కుర్చీలో కూర్చునేది నాలాంటివాళ్లం.

ఇక్కడ రాస్తున్నది 2014–15లో చేసిన ఒక ప్రాజెక్టు గురించి. క్లయింట్ పేరు, మా కంపెనీ పేరు రాయడం లేదు. వీసాల గురించి అక్కడ అరిచేవాళ్ల మాటల్లోనూ, ఇక్కడ మనవాళ్లు చెప్పే జవాబుల్లోనూ నేను కళ్లారా చూసింది కనబడటం లేదు. అందుకే ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాలనిపించింది.

ప్రాజెక్టు

క్లయింట్ అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక మధ్యరకం కరెంటు కంపెనీ. బిల్లింగ్ అంతా మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద పాతకాలపు కంప్యూటర్ మీద, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో నడుస్తుంది. ఆ సిస్టమ్స్ చూసే ఉద్యోగులు 46 మంది. 2014 జూన్‌లో మాతో అయిదేళ్ల కాంట్రాక్ట్ కుదిరింది. 9 మందిని ఉంచుకుని 37 మందిని తీసెయ్యాలని వాళ్ల మేనేజ్‌మెంట్ మేం బిడ్ వేసేనాటికే నిర్ణయించుకుంది. ఆగస్టులో కేటీ మొదలైంది. ఆ 37 మందికి ఆఖరి రోజు 2015 జనవరి 30.

వాళ్ల పనికి మా వైపు 34 సీట్లు వేశాం. 27 హైదరాబాద్ గచ్చిబౌలిలో, 7 క్లయింట్ ఆఫీసులో. ఆ ఏడుగురిలో అయిదుగురు హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, ఒకరికి గ్రీన్‌కార్డు ఉంది, ఒకరిని అక్కడే లోకల్‌గా తీసుకున్నాం. ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికి వస్తాను.

రేట్ల సంగతి కూడా చెప్పాలి. ఆన్‌సైట్, అంటే క్లయింట్ ఆఫీసులో కూర్చునే మనిషికి క్లయింట్ మాకు గంటకి 68 డాలర్లు ఇచ్చేది, ఆఫ్‌షోర్, అంటే హైదరాబాద్‌లో కూర్చునే మనిషికి 22. గచ్చిబౌలిలో ఆ సీట్లో కూర్చున్న కుర్రాడి జీతం అప్పట్లో ఏడాదికి ఆరు లక్షల లోపే. వెళ్లిపోతున్నవాళ్లలో చాలామంది ఇరవై ఏళ్ల సీనియర్లు, ఏడాదికి లక్ష డాలర్ల దరిదాపుల్లో జీతాలు. కాంట్రాక్ట్ ఎందుకు కుదిరిందో ఈ నాలుగు అంకెల్లోనే ఉంది.

కాఫీ మెషీన్ పక్కన అంటించిన కాగితం

హెచ్-1బీ మనిషిని కొత్త ఊళ్లో పనికి పెట్టాలంటే ముందు అమెరికా కార్మిక శాఖ దగ్గర లేబర్ కండిషన్ అప్లికేషన్ సర్టిఫై చేయించుకోవాలి. ఎల్‌సీఏ అంటాం. ఆ ఊళ్లో ఆ పనికి ఉన్న జీతానికి తగ్గకుండా ఇస్తామనీ, అలాంటి పనే చేసేవాళ్ల పని పరిస్థితులు దీనివల్ల చెడవనీ, అక్కడ సమ్మె ఏదీ నడవడం లేదనీ కంపెనీ ప్రమాణం చేస్తుంది. ఈ సంగతి పని జరిగే చోట రెండు కనబడే జాగాల్లో పది రోజులపాటు నోటీసు పెట్టి చెప్పాలి.

పని జరిగేది క్లయింట్ ఆఫీసులో కాబట్టి నోటీసు పెట్టాల్సిందీ అక్కడే. ఆ పని నా మీద పడింది. రెండో అంతస్తు బ్రేక్ రూములో కాఫీ మెషీన్ పక్కన, కనీస వేతనం పోస్టర్ కింద టేపుతో అంటించాను. హోదా, ఎంతమంది, ఎంత జీతం, అన్నీ అందులో ఉంటాయి. జీతం 72,000 డాలర్లు. మర్నాడు కాఫీకి వెళ్తే ఒక పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మొహం దగ్గరగా పెట్టి ఆ కాగితం చదువుతున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు కాఫీ తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను.

ఆ 72,000లో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఊరిని బట్టి, పనిని బట్టి కార్మిక శాఖ నాలుగు లెవెల్స్ కట్టింది. అప్పట్లో మొదటి లెవెల్ ఆ పని చేసేవాళ్ల జీతాల్లో 17వ పర్సంటైల్, అంటే వందలో 17 మంది అంతకంటే తక్కువ తీసుకునే జీతం. రెండోది 34, మూడోది 50, నాలుగోది 67. మేం రెండో లెవెల్లో వేశాం. అంటే ఆ ఊళ్లో సగం మందికి పైగా అంతకంటే ఎక్కువే తీసుకుంటున్నారు. "అక్కడి జీతమే ఇస్తున్నాం" అని మన కంపెనీలు అన్నప్పుడు అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

అసలు కీలకం ఇంకో క్లాజులో ఉంది. 51 మంది అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలో 15 శాతం, ఆ పైన హెచ్-1బీ వాళ్లుంటే దాన్ని హెచ్-1బీ డిపెండెంట్ కంపెనీ అంటారు. మేం ఆ కోవలోకే వస్తాం. 1998 చట్టం ప్రకారం అలాంటి కంపెనీ అదనంగా మాట ఇవ్వాలి: ముందు 90 రోజులు, తర్వాత 90 రోజులు, అమెరికా ఉద్యోగి స్థానంలోకి మా మనిషిని తీసుకురాలేదు అని. మనిషిని క్లయింట్ దగ్గర పెడుతుంటే అక్కడ ఎవరినైనా తీసేస్తున్నారా అని క్లయింట్‌ని అడగాలి కూడా. ఇంత గట్టి నిబంధన ఉండగా ఇలాంటి ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయని మీకు అనుమానం రావచ్చు. ఆ మనిషికి 60,000 డాలర్ల జీతం ఉన్నా, సంబంధిత సబ్జెక్టులో మాస్టర్స్ డిగ్రీ ఉన్నా ఈ మాట ఇవ్వక్కర్లేదు. మా అయిదుగురికీ జీతం అంతకంటే ఎక్కువే. లీగల్ టీమ్ ఆ గడిలో టిక్ పెట్టి పంపింది.

ఆ 60,000 అన్న గీత 1998 నుంచీ అలాగే ఉంది. ధరలు పెరిగిన లెక్కన చూసినా అది ఈపాటికి లక్షా పదివేలు దాటాలి. 1998లో అది మంచి సీనియర్ జీతం. ఇప్పుడు కాలేజీ నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్‌కి కూడా పెద్ద నగరాల్లో అంతకంటే ఎక్కువే ఇస్తారు.

మేం కేటీలో ఉన్న నెలల్లోనే కాలిఫోర్నియాలో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ కూడా ఐటీ పనిని రెండు భారతీయ కంపెనీలకి అప్పగిస్తోంది. సుమారు 400 మందికి ఉద్యోగాలు పోయాయి. 2015 మొదట్లో అది వార్తల్లోకెక్కి సెనేట్ కమిటీ దాకా వెళ్లింది, ఏప్రిల్‌లో పదిమంది సెనేటర్లు దర్యాప్తు చెయ్యమని లేఖ రాశారు. ఫ్లోరిడాలో డిస్నీ దాదాపు 250 మందిని తీసేసింది. వాళ్లకీ ఆఖరి రోజు మా క్లయింట్ దగ్గర లాగే 2015 జనవరి 30. ఇద్దరు ఉద్యోగులు కోర్టుకెళ్తే, ఎల్‌సీఏల్లో అబద్ధం రాశారనడానికి ఫిర్యాదులో తగిన ఆధారం లేదని 2016 అక్టోబరులో కేసు కొట్టేశారు. ఆ తీర్పు చూసి నేనేమీ ఆశ్చర్యపోలేదు. తీసేసేది ఒక కంపెనీ, పెట్టుకునేది ఇంకో కంపెనీ. ఏ ఒక్కరి కాగితాలు చూసినా మనిషిని మార్చినట్టు కనబడదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడమని చట్టం అడగడం లేదు.

కేటీ గది

కేటీకి ఒక పద్ధతి ఉంది. ముందు వాళ్లు చేస్తుంటే మేం పక్కన కూర్చుని చూస్తాం, అది షాడో. తర్వాత మేం చేస్తుంటే వాళ్లు చూస్తారు, అది రివర్స్ షాడో. చివర్లో వాళ్లు సైన్ ఆఫ్ ఇస్తారు. మొత్తం ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది: ఏ అప్లికేషన్, ఏ జాబ్ (కంప్యూటర్ మీద వేళకి నడిపే ప్రోగ్రామ్), ఎవరు చెప్పారు, ఎవరు నేర్చుకున్నారు, ఎంత శాతం అయింది. గడులన్నీ ఆకుపచ్చగా మారితే ట్రాన్సిషన్ అయిపోయినట్టు.

వాళ్లకి సీవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు రావాలంటే ఆ షీట్ పూర్తవ్వాలి. అది క్లయింట్ హెచ్ఆర్ పెట్టిన షరతు. కంపెనీ గురించి బయట చెడుగా మాట్లాడబోమని సంతకం కూడా తీసుకున్నారు. ఇవి నాకు మొదటి వారంలోనే తెలుసు. తెలిసి కూడా, అది వాళ్లకీ వాళ్ల కంపెనీకీ మధ్య వ్యవహారం, నాకెందుకు అనుకున్నాను.

పెద్ద ఫ్యాక్టరీల బిల్లింగ్ చూసే ఆవిడ దగ్గర మాకు ఆరు వారాల కేటీ ఉండింది. ఆవిడకి అరవై దగ్గర పడుతోంది, ఆ కంపెనీలో ఇరవై ఆరేళ్ల సర్వీసు. రోజూ తొమ్మిదింటికి రెండు నిమిషాల ముందే గదిలో ఉండేది. ఏది అడిగితే దానికి జవాబు చెప్పేది, అడక్కపోతే మౌనం. మా కుర్రాళ్లలో ఒకడిది ఖమ్మం, మొదటిసారి అమెరికా వచ్చాడు. రెండో వారంలో నా దగ్గరికొచ్చి, "అన్నా, ఆవిడ మా అమ్మమ్మలా ఉంది. ఆవిడ సీటు గురించి ఆవిడనే అడగాలంటే నోరు రావట్లేదు" అన్నాడు. షీట్ చూసి వరసగా అడుగు, ఎక్కువ ఆలోచించకు అని చెప్పి పంపించాను.

డిసెంబరులో ఒక గురువారం. షీట్‌లో ఇంకా నాలుగు లైన్లు మిగిలాయి, పన్నెండింటికి నాకు స్టీరింగ్ కమిటీ కాల్ ఉంది. ఆవిడ ఉన్నట్టుండి నన్ను అడిగింది: "మీ దేశంలో ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తారా?" మాకా అవసరం లేదండీ, దేశమంతా ఏడాది పొడుగునా ఒకటే టైమ్ అన్నాను. ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. నేను తర్వాతి లైన్ చదివాను. ఆవిడ దానికి జవాబు చెప్పింది.

మార్చి 9

అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. ఆ రోజుకి 23 గంటలే. నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది, ఆ రోజుకి 25 గంటలు. పెద్ద ఫ్యాక్టరీల మీటర్లు గంట గంటకీ రీడింగ్ పంపుతాయి. మా క్లయింట్ కోబాల్ ప్రోగ్రామ్ ఎప్పుడో రాసింది, అందులో రోజుకి సరిగ్గా 24 గడులు.

2015 మార్చి 8 ఆదివారం రాత్రి అక్కడ పదకొండు. ఇక్కడ సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. గచ్చిబౌలి నుంచి ఖమ్మం కుర్రాడే ఫోన్ చేశాడు, అప్పటికి వాడూ నేనూ హైదరాబాద్ తిరిగొచ్చేశాం. బిల్లింగ్ జాబ్ ఎస్0సీ7 తో ఆగిపోయింది. అంకె ఉండాల్సిన గడిలో ఖాళీ ఉంటే మెయిన్‌ఫ్రేమ్ ఇచ్చే ఎర్రర్ అది. చూస్తే ప్రతి ఫ్యాక్టరీకీ 24వ గడి ఖాళీ. ఏ ఎర్రర్‌కి ఏం చెయ్యాలో రాసుకున్న మా రన్‌బుక్‌లో ఎస్0సీ7 కి ఒకటే మందు ఉంది: చెడ్డ గడిలో సున్నా పెట్టి జాబ్ మళ్లీ నడపమని. నడిపారు, జాబ్ పూర్తయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

తప్పు అక్కడే జరిగింది. సున్నా పెట్టాల్సింది రాత్రి రెండు గంటల గడిలో. మేం చిట్టచివర పెట్టాం. దాంతో రెండింటి తర్వాత రీడింగులన్నీ ఒక గంట వెనక్కి జరిగిపోయాయి. గంట గంటకీ ధర మారే కాంట్రాక్టులున్న ఫ్యాక్టరీలకి ఒక గంట వాడకానికి ఇంకో గంట ధర పడింది. నెలాఖరులో ఒక ఫ్యాక్టరీ అకౌంటెంట్ పట్టుకున్నాడు. బిల్లులన్నీ రద్దు చేసి మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. మా ఇన్‌వాయిస్‌లో కోత పడింది, క్లయింట్ పరువూ పోయింది.

మరి అన్నేళ్లుగా ఎలా నడిచింది? క్లయింట్ మేనేజర్ ఒకాయన తన సొంత ఫోన్ నుంచి ఆవిడకి చేశాడు. పావుగంటలో మొత్తం చెప్పేసిందట. ఏటా ఆ రెండు ఆదివారాలూ రాత్రి ఇంటి నుంచి లాగిన్ అయి, బిల్లింగ్ కంటే ముందు ఒక చిన్న జాబ్ నడిపేది. మార్చిలో అది సరైన చోట సున్నా పెడుతుంది, నవంబరులో రెండుసార్లు వచ్చిన ఒంటిగంటని కలుపుతుంది. అది జాబ్‌లని వేళకి దానంతటదే నడిపే షెడ్యూలర్‌లో లేదు, మెయిన్‌ఫ్రేమ్‌లో ఆవిడ సొంత ప్రోగ్రామ్‌లు దాచుకునే లైబ్రరీలో ఉంది. మేం కేటీలో ఉండగానే, నవంబరు 2 రాత్రి కూడా ఆవిడే నడిపింది. మాకు తెలియనే తెలియదు. ఆఖరి రోజున చెక్‌లిస్టు ప్రకారం ఆవిడ ఐడీతో పాటు ఆ లైబ్రరీని కూడా తీసేశారు. ఆర్కైవ్ నుంచి బయటికి తీయించి చూస్తే, పైన నాలుగు కామెంట్ లైన్లు: ఇది ఎందుకు, ఏ రెండు ఆదివారాలు, ఏ జాబ్ కంటే ముందు, ఆగిపోతే ఏం చెయ్యాలి. అంతా వివరంగా రాసిపెట్టి ఉంది.

ఆవిడ కావాలనే దాచిపెట్టిందని మా మీటింగులో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ప్రొడక్షన్ జాబ్‌ల జాబితా ఇవ్వమని మా షీట్ అడిగింది, ఆవిడ ఇచ్చింది. అడగనిది ఒక ప్రశ్న రూపంలో మా ముందు పెట్టింది కూడా. వినాల్సినవాణ్ణి నేను. నా కళ్లు మిగిలిన నాలుగు లైన్ల మీద, గోడ గడియారం మీద ఉన్నాయి.

ఈ కేసు నాకు ఏం చెప్పింది

వీసాల చర్చలో మన వైపు నుంచి ఎప్పుడూ వినిపించేది "అక్కడ నైపుణ్యం ఉన్న మనుషులు దొరకడం లేదు" అన్న వాదన. కొన్ని పనుల్లో అది నిజం కావచ్చు. మా ప్రాజెక్టులో మాత్రం అది పచ్చి అబద్ధం. నైపుణ్యం ఉన్న మనిషి ఎదురుగా కూర్చునే ఉంది, మేం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. కొరత ఉన్నది మనుషులకి కాదు, ఆ జీతానికి పనిచేసే మనుషులకి. ఇది ఒప్పుకోకుండా మనం అమెరికా ఉద్యోగితో ఏం మాట్లాడినా అతను వినడు. వినకపోవడం న్యాయమే.

అలాగే వీసాల వల్లే ఉద్యోగాలు పోయాయన్న అవతలివైపు వాదనా మా అంకెల ముందు నిలబడదు. మా వైపు 34 సీట్లలో వీసా మీద ఉన్నవి అయిదు. 27 సీట్లు సముద్రం దాటనే లేదు, వాటికి ఏ వీసా అక్కర్లేదు, వీసా లాటరీ లేదు, ఎల్‌సీఏ లేదు. ఉద్యోగాలు పోయింది కాంట్రాక్ట్ వల్ల. అయిదు వీసాలూ ఆ కాంట్రాక్ట్‌కి వంతెనలా పనిచేశాయి. వంతెన మీద టోల్ పెంచితే సరుకు వేరే దారిన వెళ్తుంది. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఆ ప్రకటన వచ్చిన రాత్రి మా తెలుగు ఇళ్లల్లో ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. సెలవులకి వచ్చినవాళ్లు దొరికిన టికెట్ కొనుక్కుని పరిగెత్తారు. అదే నెలలో మా క్లయింట్లు అడిగింది మాత్రం, ఆన్‌సైట్ సీట్లని కూడా హైదరాబాద్‌కి తీసుకెళ్లగలరా అని. పెద్ద విదేశీ కంపెనీలు తమ పని కోసం ఇక్కడ సొంతంగా పెట్టుకుంటున్న ఆఫీసులు, అంటే జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు) దేశంలో 2024 నాటికే 1,700 దాటాయి, అందులో పనిచేసేవాళ్లు దాదాపు 19 లక్షల మంది. ఫీజు పెంచినకొద్దీ అవే ఇంకా పెరుగుతాయి.

నన్నడిగితే ముట్టుకోవాల్సినవి రెండున్నాయి. 60,000 గీతని ఏటా జీతాలతో పాటు పెరిగేలా చెయ్యాలి. మనిషిని తీసేస్తున్న క్లయింట్ చేత కూడా ఎల్‌సీఏ మీద సంతకం పెట్టించాలి. సెనేటర్ బెర్నీ మొరేనో 2025 సెప్టెంబరులో పెట్టిన బిల్లు వీసాని వదిలేసి, ఔట్‌సోర్సింగ్‌కి బయటి దేశాలకి చేసే చెల్లింపుల మీద 25 శాతం పన్ను వెయ్యమంటోంది. అది పాసైతే గచ్చిబౌలిలో నాతో సహా వేలమంది పొట్ట కొడుతుంది, రాకూడదనే కోరుకుంటాను. కానీ డబ్బు ఎటు కదులుతోందో చూసిన బిల్లు అది అని ఒప్పుకోవాలి.

మా అయిదుగురి సంగతి కూడా చెప్పాలి. వాళ్లలో ఇద్దరికి గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదమైనా, ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క వల్ల ఇంకా వరసలోనే ఉన్నారు. ఒకతనికి 2023లో ఉద్యోగం పోయింది. 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. 52వ రోజున దొరికింది. ఆ యాభై రెండు రోజులూ అతను రాత్రుళ్లు నాకు ఫోన్ చేసేవాడు. ఉద్యోగం మారాలన్నా, జీతం పెంచమని గట్టిగా అడగాలన్నా భయపడే మనిషిని పక్కన పెట్టుకుంటే ఆ గదిలో అందరి జీతాలూ అణిగే ఉంటాయి. అమెరికా ఉద్యోగికీ మనవాడికీ ఇందులో నష్టం ఒకటే.

నా పనిలో మార్చుకున్నవి

మా కేటీ షీట్‌లో ఇప్పుడు మొదటి పేజీ అప్లికేషన్ల జాబితా కాదు, పన్నెండు నెలల క్యాలెండర్. ఒక్కో నెలకీ ఒకటే ప్రశ్న: ఈ నెలలో మీరు చేతితో చేసేది, ఎక్కడా రాసిపెట్టనిది ఏంటి? లీపు సంవత్సరం, టారిఫ్ మారే రోజు, గడియారం మారే రోజు, సంవత్సరాంతం, అన్నీ అక్కడ బయటపడతాయి. మొదటి వారం షీట్ తెరవం. నోట్‌బుక్ పట్టుకుని వాళ్లు చెప్పింది వింటాం, అంతే. కుర్రాళ్లని పంపేముందు, ఎదుటి మనిషికి ఏం జరుగుతోందో దాచకుండా చెప్పి పంపుతాను. ఖమ్మం కుర్రాడికి నేనిచ్చిన సలహా ఇంకెవరికీ ఇవ్వలేదు.

అన్నిటికంటే కష్టపడి సాధించింది ఒక క్లాజు. మా బిడ్‌లోనే రాస్తాం: ముఖ్యమైన సిస్టమ్‌కి కనీసం ఒక పాత ఉద్యోగిని పూర్తి జీతంతో ఒక ఏడాది, అన్ని సీజన్లూ ఒకసారి తిరిగేదాకా ఉంచాలి, సీవరెన్స్‌ని షీట్‌తో ముడిపెట్టకూడదు అని. మా సేల్స్ వాళ్లు మొదట్లో గోల చేశారు, దీనివల్ల బిడ్ పోతుందని. రెండు బిడ్లు పోయాయి కూడా. 2015 మార్చి లెక్క ముందు పెడితే మాట్లాడటం తగ్గించారు. ఆవిడ ఒక ఏడాది జీతం కంటే ఆ ఒక్క ఆదివారం మాకూ క్లయింట్‌కీ కలిపి ఎక్కువ ఖర్చు పెట్టించింది.

పోయినేడాది చేసిన ట్రాన్సిషన్‌లో క్లయింట్ ముగ్గురిని పన్నెండు నెలలు ఉంచడానికి ఒప్పుకున్నారు. నాలుగో ఆయన్ని కూడా ఉంచమని అడిగాం. ముప్ఫై ఏళ్ల సర్వీసు, గోడౌన్ల సిస్టమ్ మొత్తం ఆయన తలలోనే ఉంది. బడ్జెట్ లేదన్నారు. ఆయనతో మాకున్న ఎనిమిది వారాల్లో మొదటి మూడు వారాలు క్యాలెండర్ పేజీకే కేటాయించాం.